మూత మూసే ఉంది

రెండో నంబరు తొట్టి మూత తెరిచి ఉండటం ఆర్లిస్ వాన్ రూకెల్ కంట పడింది గురువారం మధ్యాహ్నం రెండుంబావుకి. నమూనా సీసాలు పట్టుకుని ఇనప మెట్లెక్కి సగం పైకి వచ్చిందో లేదో, హార్లన్ టె స్లా కనిపించాడు. మోకాళ్ళ మీద కూచుని, భుజాల దాకా ఆ గుండ్రటి బొక్కలోకి వంగి, పొడవాటి అల్యూమినియం గడతో లోపల కుమ్ముతున్నాడు. నడుముకి ఉండాల్సిన, ప్రాణవాయువు తగ్గితే అరిచే గాలి మీటరు తీసి కమ్మీకి తగిలించాడు. అది అక్కణ్ణించి కీచుమని అరుస్తోంది. దాని గోల వినపడకుండా చేసుకోవడానికే దాన్ని అంత దూరం పెట్టాడని చూడగానే తెలుస్తోంది.

కేక వేస్తే ఉలిక్కిపడి లోపలికి పడతాడేమోనని ఆమె నోరు విప్పలేదు. మెట్టు మీద అలాగే నిలబడింది. కాసేపటికి హార్లన్ పైకి లేచాడు, చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు, గడని గుడ్డతో శుభ్రంగా తుడిచి గోడకి ఆనించాడు. మూత దించి, నియమం ప్రకారం ఎదురెదురు బోల్టులు ఒక్కోటీ బిగించాడు. తర్వాత షిఫ్టు పత్రం అందుకుని, 'మూత మూసే ఉంది' అన్న గడిలో టిక్కు కొట్టి సంతకం పెట్టాడు. ఆర్లిస్ చప్పుడు కాకుండా వెనక్కి దిగిపోయింది. అతను ఆమెను చూడలేదు.

తొట్టిలో ఉడికిన చొప్ప జావ మీద నింపింది నత్రజని. దానికి రంగు లేదు, వాసన లేదు, పీల్చినా దగ్గు రాదు. రెండు గుక్కలు గట్టిగా లోపలికి పోతే మనిషి మాట్లాడకుండా కూలిపోతాడు. ఈ సంగతి వీన్‌డాల్ ఊళ్ళో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. తొమ్మిదేళ్ళ కిందట పేడగుంటలోకి దిగి ఊపిరాడక పడిపోయిన కొడుకునీ, వాణ్ణి పైకి లాగబోయిన తండ్రినీ ఒకేరోజు పూడ్చారు. ఆ రోజు చర్చి కింది గదిలో వచ్చినవాళ్ళందరికీ హామ్ బన్నులు వడ్డించినవాళ్ళలో ఆర్లిస్ ఒకతె.

ఆమె లాబొరేటరీకి వెళ్ళి, ప్రమాదకరమైన పని కంటపడితే రాసే పసుపుపచ్చ కార్డు తీసింది. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏం చేస్తుండగా. రాసేవాళ్ళ పేరు రాయక్కర్లేదు. రాసి, కాఫీ గది పక్కనున్న పెట్టెలో పడేసింది.

రాసినదాంట్లో అబద్ధం ముక్క లేదు. రాయడం తప్పు కూడా కాదు. కానీ ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. సాటి మనిషిలో తప్పు కనిపిస్తే ముందు అతని దగ్గరకు ఒంటరిగా వెళ్ళి మొహం మీద చెప్పాలి. వినకపోతే ఇంకొకర్ని తోడు తీసుకెళ్ళాలి. అప్పటికీ వినకపోతేనే సంఘ పెద్దల దాకా వెళ్ళాలి. ఆర్లిస్ తండ్రి ఇరవై ఏళ్ళు సంఘ పెద్దగా ఉన్నాడు. అక్షరాలు రాకముందే ఆమెకు ఈ వరస వచ్చు. మెట్ల మీంచి హార్లన్ దగ్గరకు పట్టుమని పది అడుగులు లేవు. పెట్టె దగ్గరకు రెండు గదులు దాటి వెళ్ళాలి. ఆమె పెట్టె దగ్గరకే వెళ్ళింది. చిన్నప్పట్నించి ఎరిగిన మనిషి మొహం చూసి తప్పు చెప్పడం ఎంత కష్టమో చెయ్యబోయినవాళ్ళకే తెలుస్తుంది.

శుక్రవారం పొద్దున్నే ప్లాంటు మేనేజరు కర్టిస్ బ్లేకర్ హార్లన్‌ను గదిలోకి పిలిచాడు. అరగంట తర్వాత హార్లన్ అన్నం డబ్బా చేత్తో పట్టుకుని, మెడలో గుర్తింపు బిళ్ళ లేకుండా బయటికి వచ్చాడు. కాఫీ గదిలో ఉన్నవాళ్ళందరికీ పేరుపేరునా వెళ్ళొస్తానని చెప్పాడు. ఆర్లిస్‌కీ చెప్పాడు.

తర్వాత కర్టిస్ ఆమెను పిలిచాడు. అతనికి నలభై నాలుగేళ్ళు. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆమె దగ్గరే పాటలు నేర్చుకున్నాడు. పెద్ద చదువులు చదివి, ఎక్కడెక్కడో పనిచేసి, సొంత ఊళ్ళో ఈ ప్లాంటు పెడుతున్నారంటే ఆశగా తిరిగి వచ్చినవాడు.

ఆ ప్లాంటు పని మొక్కజొన్న చొప్ప నుంచి ఇంధనం తీయడం. కంకులు కోసుకున్నాక చేలో మిగిలే చొప్పను రైతులు కట్టలు కట్టి తెస్తారు. దాన్ని నలిపి, ఆమ్లంలో ఆవిరి పెట్టి ఉడికిస్తే గోధుమరంగు జావ అవుతుంది. ఆ జావను తొట్లలో పోసి ఎంజైములు కలుపుతారు. ఆరు రోజుల్లో అవి పీచును కొరికి చక్కెర చేస్తే, ఆ చక్కెరను పులియబెట్టి ఇంధనం తీస్తారు. చిక్కల్లా పీచుతోనే. అది గట్టిగా పేనిన తాడులాంటిది. మామూలు ఎంజైములు కొస దొరికితే తెంపుకుంటూ పోతాయి గానీ, పేటలు బిగిసిన చోట వాటి పళ్ళు దిగవు. అక్కడ గీరి సందు చేసిపెట్టే ఎంజైము ఇంకొకటుంది. అది తానుగా చెప్పుకోదగ్గంత చక్కెరేమీ చెయ్యదు, తక్కినవాటికి దారి చేస్తుంది. ప్లాంటులో అందరూ దాన్ని 'సాయం' అనే పిలుస్తారు. వసంతకాలం నుంచి సాయం డ్రమ్ములు తెప్పించి కలుపుతూనే ఉన్నారు. పీచులో చక్కెరగా మారేది మాత్రం నూటికి అరవై రెండు దగ్గరే మొండికేసింది. డబ్బై దాటకపోతే ప్లాంటు నడపడం దండగని పై ఆఫీసువాళ్ళు ఎప్పుడో చెప్పేశారు.

కర్టిస్ తలుపు వేసి, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. హార్లన్ ఏదీ దాచలేదట. కార్డులో ఉన్నది ఒక్క గురువారం సంగతే అయితే, తనంతట తానే ఇంకా మూడు విడతల్లో మూత తీశానని చెప్పాడట. రెండో తొట్టిలో కలిపే రెక్క ఒకటి వంగి ఉంది. జావ మీద చొప్ప అట్టకట్టి తేలుతుంది. అది అలా పొడిగా తేలుతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడట. గాలి తగిలి అంతా పాడైపోయుంటుంది, నన్ను క్షమించు అన్నాడట.

"కార్డులో ఉన్నది ఒక్కరోజే" అన్నాడు కర్టిస్. "ఒక్కరోజు తప్పుకి రెండు వారాలు ఇంట్లో కూచోబెట్టి మళ్ళీ తీసుకోవచ్చు. నాలుగు విడతలని కాగితమెక్కిందనుకోండి, అప్పుడది మూత తీసిన తప్పు కాదు, దొంగ సంతకాల తప్పు. దానికి పై ఆఫీసులో మాఫీ లేదు."

కొరీన్‌కి నవంబరులో తుంటి ఆపరేషను ఉందని కూడా అన్నాడు. కొరీన్ హార్లన్ భార్య. ఆవుల్ని అమ్ముకున్నాక ఆ ఇంటికి ఆస్పత్రి బీమా ఈ ఉద్యోగంతోనే వస్తోంది. అందుకని ఆ నాలుగు విడతల అంకెలూ రెక్క పాడైన కారణంగా కొట్టేశామని రాసి నివేదిక ముగించమని ఆమెను అడిగాడు. రెక్క పాడవడం నిజమే కదా అన్నాడు. ఆర్లిస్ తలూపింది. కార్డు ఎవరు రాశారో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం లాబొరేటరీలో ఎవరూ లేరు. ఆర్లిస్ గురువారంనాటి విడత ఆఖరి నమూనాను చక్కెర కొలిచే యంత్రంలో పెట్టి, అది తేలేలోగా నోటుపుస్తకం తెరిచింది. అందులో ఏదీ చెరపకూడదు. తెల్లరంగు పూయకూడదు. తప్పయినదాని మీద ఒకే ఒక్క గీత గీయాలి, కిందున్నది చదవడానికి వీలుండాలి, పక్కన పొడి అక్షరాలూ తేదీ వెయ్యాలి. కొత్తగా చేరినవాళ్ళకు ఆమె మొదటిరోజే ఈ పాఠం చెప్పేది. రూళ్ళకర్ర పెట్టి జూన్‌నాటి విడత మీద గీత గీసింది. డబ్బై నాలుగు. జూలైది కొట్టేసింది. డబ్బై ఏడు. ఆగస్టుది కొట్టేసింది. డబ్బై అయిదు. యంత్రం నాలుగో కాగితం బయటికి తోసింది. డబ్బై ఆరు.

చేతిలో రూళ్ళకర్ర అలాగే ఉండిపోయింది.

మొదటి మూడు అంకెలూ ఆమెకు కొత్తవి కావు. ఒక్కోటీ తన చేత్తో రాసుకున్నవే. జూన్‌లో మొదటిసారి డబ్బై దాటినప్పుడు కర్టిస్ యంత్రం తేడా చేసిందేమో చూడమన్నాడు. చూసింది. జూలైలో మళ్ళీ వస్తే మళ్ళీ యంత్రాన్ని విప్పి కడిగింది. అరవై రెండుల మధ్య అక్కడొకటీ ఇక్కడొకటీ వచ్చిన ఆ అంకెల్ని ఇద్దరూ యంత్రం తలపొగరు కిందే జమకట్టారు. గీతల కింద ఆ మూడూ, యంత్రంలోంచి వచ్చిన నాలుగోదీ ఒకచోట చేరాక గానీ అవన్నీ ఒకే మనిషి చేతివని కనపడలేదు.

నత్రజని ఆలోచన కర్టిస్‌ది. కానీ ఆ ఊళ్ళో ఎవర్ని అడిగినా అదే చెప్పేవాళ్ళు. వాళ్ళంతా పాడి ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళు. పచ్చి చొప్పను పాతరేసి, ట్రాక్టరుతో తొక్కించి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, దాని మీద పాత టైర్లు పేర్చి, చలికాలమంతా ఆవులకు పెట్టేవాళ్ళు. పట్టాకి వేలెడు చిల్లు పడిందంటే ఆ పక్కంతా బూజుపట్టి నల్లబడుతుంది. చొప్పకి గాలి శత్రువని వాళ్ళకు ఎవరూ నేర్పలేదు, ఊహ తెలిసినప్పట్నించి తెలుసు. తొట్టి మూతలు బిగించి నత్రజని నింపుదామన్నప్పుడు ముప్ఫై ఒక్కమంది సిబ్బందిలో ఒక్కడైనా ఎందుకని అడగలేదు. ఆర్లిస్ అసలే అడగలేదు.

ఆమె తొమ్మిది గాజు సీసాలు కడిగింది. ఒకే జావ, ఒకే కొలత. మూడింట్లో సాయం కలిపి, నత్రజని ఊది, రబ్బరు బిరడాలు బిగించింది. మూడింట్లో సాయం కలిపి గాలి ఆడేలా మూతికి దూది పెట్టి వదిలేసింది. ఇంకో మూడింట్లో సాయం లేకుండా దూది మాత్రం పెట్టింది, గొప్పంతా గాలిదేనేమో తేల్చుకోవడానికి. వెచ్చటి పెట్టెలో ఊగే పళ్ళెం మీద అన్నిటినీ బిగించి, చీకటి పడకముందే తాళం వేసుకుని వెళ్ళిపోయింది. ఆదివారం ఆ ఊళ్ళో ఎవరూ పనిచెయ్యరు. యంత్రాలు చేసుకుంటే పాపం లేదని మాత్రం ఎప్పుడో సర్దుకున్నారు.

వచ్చే ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు బల్ల ఉందని పాస్టరు పీఠం మీంచి ప్రకటించాడు. ఎవరి మనసులో ఎవరి మీద ఏమున్నా, ఎవరి పట్ల ఎవరు ఏం చేసున్నా, ఈ వారంలోగా వెళ్ళి చక్కబెట్టుకుని రమ్మన్నాడు. ఏడాదికి నాలుగుసార్లు వినే మాటే. ఆర్లిస్‌కు రెండు బెంచీల ముందు హార్లన్ కూచున్నాడు. ఎండకి కమిలిన మెడ మీద మంగలి కొత్తగా గీసిన గీత తెల్లగా కనిపిస్తోంది. పాస్టరు ఆ మాట అంటున్నప్పుడు అతను తల దించుకున్నాడు.

ఆరాధన అయ్యాక కింది గదిలో కాఫీ దగ్గర కొరీన్ చేతికర్ర మీద వాలి ఆమె పక్కకు వచ్చింది. ఎవరు కార్డు రాశారో గానీ వాళ్ళు చల్లగా ఉండాలంది. "ఆయన ఆ బొక్కలో పడిపోయుంటే నాకు దిక్కెవరు, ఆర్లిస్? ఈ రెండు వారాలూ ఇంట్లో ఉంటే ఉన్నాడు. పోనీలే." నవ్వుతూనే అంది. చెప్పాల్సిన మాట నాలుక చివర దాకా వచ్చింది. చుట్టూ ఇంతమంది ఉన్నారుగా అని సాకు దొరికింది. సాకు కోసం వెతికేవాళ్ళకు అది ఎప్పుడూ దొరుకుతుంది.

చిన్న సీసాలు, పైగా ఊగుతూ ఉన్నవి గనక తొట్టిలో ఆరు రోజుల పని మూడు రోజుల్లోనే తేలింది. మంగళవారం వాటిని తీసింది. నత్రజని నింపినవి అరవై ఒకటి, అరవై రెండు, అరవై ఒకటి. సాయం లేకుండా దూది పెట్టినవీ అంతే. సాయం కలిపి, దూది పెట్టి, గాలి ఆడనిచ్చినవి డబ్బై అయిదు, డబ్బై ఏడు, డబ్బై ఏడు. కాగితం తీసుకెళ్ళి కర్టిస్ ముందు పెట్టింది. సాయానికి గాలి కావాలి, అది లేకుండా ఆర్నెల్లుగా దాన్ని నోరు మూసి కూచోబెట్టాం అని చెప్పింది.

కర్టిస్ కాగితం రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు తీసి ముక్కు నొక్కుకున్నాడు. "నత్రజని పెట్టించింది నేను" అన్నాడు. "ఆయన చావబోయింది నేను పెట్టిన దాంట్లో పడి."

పై ఆఫీసుకు ఫోను చేసి చాలాసేపు మాట్లాడాడు. ఆర్లిస్ బయట బల్ల మీద కూచుంది. అతను బయటికి వచ్చి ఆమె పక్కన కూచున్నాడు.

"సీసాల్లో ఏదైనా అవుతుందంటున్నారు. తొట్టి లెక్క చూపించమంటున్నారు. సాయం ఉంచాలో వద్దో గురువారమే తేల్చేస్తారట. కొత్తగా తొట్టి నింపడానికి ఆరు రోజులు కావాలి, అప్పటిదాకా ఆగరు."

"తొట్టిలో నాలుగు విడతల లెక్క ఉందిగా."

"ఉంది. మూత మూసే ఉందని హార్లన్ సంతకాలు కూడా ఉన్నాయి."

హార్లన్ వచ్చి పత్రాలు దిద్దితే ఆ నాలుగు అంకెలూ నిలబడతాయి. ప్లాంటు నిలబడుతుంది. అతను మాత్రం నిలబడడు. దిద్దకపోతే గురువారం సాయం డ్రమ్ములు వెనక్కి పోతాయి, వసంతానికి ప్లాంటు గేటుకి తాళం పడినా పడొచ్చు, పడకపోనూ వచ్చు. పడేదాకా అతని ఉద్యోగం, బీమా రెండూ ఉంటాయి. ఆపరేషను అయిపోతుంది.

"నేను ఆయన్ని అడగను, ఆర్లిస్" అన్నాడు కర్టిస్. "మీరూ అడగొద్దు."

"అడగను" అంది. లేచి నిలబడి, "ఆ కార్డు రాసింది నేను" అంది.

"ఆ కార్డుకి పేరక్కర్లేదు. అందుకే అలా పెట్టాం."

"అక్కర్లేకపోవడమే ఆ రోజు నాకు నచ్చింది."

బుధవారం మధ్యాహ్నం భోజనం వేళకు ఆమె కారు హార్లన్ ఇంటి పెరట్లో ఆగింది. చేల నిండా కోత యంత్రాలు తిరుగుతున్నాయి. గాలిలో పొట్టు ఎగురుతోంది. హార్లన్ వెనక గుమ్మానికి చెక్కలతో ఏటవాలు బాట కడుతున్నాడు. ఆపరేషను అయ్యాక కొరీన్‌కి మెట్లెక్కడం కుదరదు. ఆర్లిస్‌ను చూసి టోపీ కొంచెం పైకి నెట్టి, ఆ పలక కొస పట్టుకో అన్నాడు. పట్టుకుంది. అతను మొదటి మరమేకు బిగిస్తుండగా చెప్పేసింది.

"కార్డు రాసింది నేను, హార్లన్."

అతను రెండో మర కూడా బిగించాడు. మూడోది పెదాల మధ్య నుంచి తీసి చేత్తో పట్టుకుని చూశాడు.

"నా దగ్గరికొచ్చి చెప్పుంటే ఆ పూటే మానేసేవాణ్ణి."

"తెలుసు."

"తెలిసే రాలేదా?"

"నీ మొహం చూసి చెప్పలేకపోయాను."

"ఇవాళ చూశావుగా" అన్నాడు. మూడో మర బిగించాడు. కొరీన్ ఆ కార్డు రాసినవాళ్ళకు రోజూ దీవెనలు పెడుతోందని, ఎవరో తెలిస్తే బెర్రీల రొట్టె చేసిస్తుందని అన్నాడు. అంత తేలిగ్గా వదిలిపెడతాడని ఆర్లిస్ అనుకోలేదు. నాలుగు మాటలు పడి వెళ్దామనే వచ్చింది. ఆ నాలుగూ పడి ఉంటే బాగుండేదనిపించింది.

ఇక వెళ్ళొస్తానని లేవబోతుంటే అడిగాడు, "ఆ నాలుగు విడతలూ పారబోశారా? బూజు పట్టేసుంటాయి. జూన్ నుంచీ అదే నన్ను తినేస్తోంది. పెట్టుబడి ఎవడిదైతేనేం, చేజేతులా పాడుచేశాను."

దారి పొడుగునా ఆమె అనుకుంటూ వచ్చింది, ఈ సంగతి ఎత్తకూడదని. పారబోశారని ఒక్క మాట అంటే అయిపోయేది. అతను దిగులుపడుతూ రెండు వారాలు ఆగి, మళ్ళీ పనిలోకి వచ్చేవాడు. కానీ ఆ మనిషి తన చేతులకేసి చూసుకుంటున్న తీరు చూస్తే ఆమెకు ఆ మాట రాలేదు.

"పాడవలేదు, హార్లన్. మొత్తం మీద ఆ నాలుగే బాగా వచ్చాయి."

అంతా చెప్పింది. సాయానికి గాలి కావాలని, మూత తీసి గడతో కుమ్మినప్పుడు జావలోకి దిగిన ఆ కాస్త గాలితోనే అది లేచి పనిచేసిందని, సీసాల్లో చూసుకున్నానని చెప్పింది. హార్లన్ కడుతున్న బాట అంచు మీద కూచుండిపోయాడు. చాలాసేపు పెరటికేసి చూశాడు. చొప్పకి గాలా, అని గొణుక్కున్నాడు. తండ్రి విని ఉంటే తనను ఇంట్లోంచి తరిమేసేవాడన్నాడు. తర్వాత మొహంలో ఏదో వెలిగి, అయితే అంకెలు పంపేశారా, ప్లాంటు గట్టెక్కినట్టేనా అని అడిగాడు.

ఆమె మొహం చూస్తూ చూస్తూ అతనే కనుక్కున్నాడు.

"నా సంతకాలు అడ్డమొచ్చాయి."

"దిద్దొద్దు" అంది గబగబా. "రెండు వారాలు ఆగితే తీసుకుంటారు. కర్టిస్ మాటిచ్చినట్టే. కొరీన్ సంగతి చూడు. ఇప్పటికే నీకు అన్యాయం జరిగింది. పనికొచ్చే పని చేసినవాడివి నువ్వొక్కడివే, ఇంట్లో కూచున్నదీ నువ్వే."

"ఏం అన్యాయం? మూత తీసింది నేను. మూసే ఉందని రాసింది నేను. ఒకసారి కాదు. చక్కెర ఎక్కువొచ్చిందని ఆ సంతకం నిజమైపోదుగా." అతని గొంతులో కోపం లేదు. "కార్డు రాసినప్పుడు నీకు నిజమే కావాల్సొచ్చింది, ఆర్లిస్. ఇప్పుడు నామీద జాలితో అబద్ధాన్ని అలా ఉండనిమ్మంటున్నావు. ఆదివారం బల్ల తీసుకోనని పాస్టరుకి నిన్ననే చెప్పొచ్చాను. అది తీసుకోకుండా చచ్చేదాకా ఉండమంటావా?"

హార్లన్ లేచి ఇంట్లోకి వెళ్ళాడు. జాలీ తలుపులోంచి అతని గొంతు సన్నగా వినపడింది. చాలాసేపు అతనే మాట్లాడాడు. మధ్యలో కొరీన్ ఏదో ఒక్కటే అడిగింది. తర్వాత ఇద్దరి గొంతులూ ఆగిపోయాయి. ఆర్లిస్ కింద పడ్డ మరల్ని ఒక్కోటీ ఏరి డబ్బాలో వేసింది. ఏరడానికి ఇంకా ఉంటే బాగుండునని చూసింది.

అతను టోపీ పెట్టుకుని బయటికి వచ్చాడు. వెనకే కొరీన్ చేతికర్రతో తలుపు దాకా వచ్చింది. ఏడ్చిన కళ్ళు. ఆర్లిస్‌ను చూసి, "బయట చలిగాలి. కోటు తొడుక్కోమను ఆయన్ని. నా మాట వినడు" అంది. ఆర్లిస్ చెప్పింది. హార్లన్ వెనక్కి వెళ్ళి కోటు తొడుక్కుని వచ్చాడు.

ప్లాంటు గేటు దగ్గర అతని పికప్పు ఆగింది. మెడలో బిళ్ళ లేదు గనక లోపలికి రాకూడదు. కాపలావాడు ఇరవై ఏళ్ళుగా ఎరిగినవాడే, రా లోపలికి అన్నట్టు చెయ్యి ఊపాడు. హార్లన్ అక్కర్లేదని అడ్డంగా తలూపి గేటు గీతకి ఇవతలే నిలబడ్డాడు. ఆర్లిస్ లోపలికి వెళ్ళి, రెండో తొట్టి పత్రాల బైండరు కావాలని కర్టిస్‌ను అడిగింది. అతను కిటికీలోంచి గేటు వైపు చూశాడు. పికప్పును చూశాడు. ఎందుకని అడగలేదు. బైండరు అరలోంచి తీసి, రెండు చేతులతో ఆమెకు ఇచ్చాడు. ఇచ్చాక కూడా ఒక క్షణం చేతులు తియ్యలేదు.

పికప్పు బానెట్టు మీద బైండరు పరిచారు. ఇంజను వేడి ఇంకా ఉంది. గాలికి కాగితాలు లేస్తుంటే ఆర్లిస్ రెండు అరచేతులూ ఆనించి పట్టుకుంది. నాలుగు విడతలకీ కలిపి ఏడు పత్రాలు. ఎలా దిద్దాలని అడిగాడు. ఒకే గీత గీయి, కిందిది కనపడాలి, పక్కన జరిగింది రాయి, పొడి అక్షరాలూ ఇవాళ్టి తేదీ వెయ్యి అని చెప్పింది. కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేటప్పటి గొంతు కాదది.

హార్లన్ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. 'మూత మూసే ఉంది' మీద గీత గీశాడు. పక్కన 'తీశాను, పావుగంట' అని రాశాడు. రెండోదీ అంతే. మూడో దగ్గర ఆగి, ఆ రోజు అట్ట మందంగా కట్టింది, ఇరవై నిమిషాలకు తగ్గదని ఆలోచించి ఇరవై రాశాడు. చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే మధ్యలో ఊదుకున్నాడు. ఎక్కడా తొందరపడలేదు. జూన్, జూలై, ఆగస్టు అయిపోయాయి. ఆఖరిది గురువారంది. అందులో టిక్కు నల్లగా, గట్టిగా పడి ఉంది. దాని మీద గీత కూడా అంత గట్టిగానే గీశాడు.

దిద్దినవాళ్ళు పత్రం అడుగున పూర్తి పేరు, దాని పక్క గడిలో ఉద్యోగి నంబరు వెయ్యాలి. పేరు రాశాడు. గడి దగ్గర పెన్ను ఆగింది. కళ్ళద్దాల మీంచి ఆమెకేసి చూశాడు.

"ఈ నంబరు ఇంకా నాదేనా?"

"ఈ పూటకి నీదే" అంది ఆర్లిస్. "రాయి."

హార్లన్ నాలుగంకెలూ గడి దాటకుండా, పొందిగ్గా రాశాడు.